మా బడి మీద పెత్తనాలు

నీట్ పరీక్ష ఢిల్లీ వాళ్లెందుకు పెడుతున్నరు, మనది మనం పెట్టుకుంటే ఏమాయె అని అడిగినవు గద బిడ్డా. అది ఒక్క మాటతోని తెగే ముచ్చట కాదు. ఆ మొద్దు జర ముందుకు జరుపు, మంట తగ్గుతుంది. చిన్నోణ్ని సుత పిలువు, వాడు కూడ వినాలె. బడి మీద పెత్తనం ఎవరిదన్న లొల్లి నేను పుట్టకముందు నుంచి ఉన్నది, నా జీవితం మొత్తం ఆ లొల్లి నడుమనే గడిచింది.

మా నాయన కాలం నుంచి మొదలుపెడుత. అప్పుడు నిజాం రాజ్యం. సర్కారు బడి అంటే ఉర్దూ బడి. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ పెట్టి, ఇంగ్లీషు కాకుండ ఉర్దూల పెద్ద చదువులు చెప్పిస్తే దేశమంత మెచ్చుకున్నది. మెచ్చుకోవాల్సిందే, డాక్టరీ సుత మన దేశపు భాషల చెప్పొచ్చని చూపెట్టిన్రు. కని రాజ్యంల దగ్గర దగ్గర సగం మంది ఇండ్లల్ల మాట్లాడేది తెలుగు. ఆ పిల్లలకు తెలుగు అక్షరం రావాలంటే ఊర్ల ఎవరన్న పంతులు సొంతంగ నడుపుకునే ఖాన్గీ బడే దిక్కు. ఆ ఖాన్గీ బడికి సుత సర్కారు ఇజాజతు ఉండాలని కాయిదా పెట్టిన్రు. ఇజాజతు కోసం అర్జీ పెడితే అది ఏ దఫ్తర్ల పండుకుంటదో తెల్వది. 1930ల జోగిపేటల ఆంధ్ర మహాసభ జరిగింది. దానికి అధ్యక్షత వహించిన సురవరం ప్రతాపరెడ్డిగారు మన పాలమూరు జిల్లాయన. ఆ మహాసభలోళ్లు ఏండ్ల తరబడి అడిగిన వాటిల్ల ఈ బడుల సంగతి ఒకటి. మా బడి మేం పెట్టుకుంటం, అడ్డం రాకున్రి, అంతే. మా నాయన ఒక పంతులు కాడ రాత్రిపూట దీపం పెట్టుకొని ఇసుకల అక్షరాలు దిద్దిండు. సంతకం చెయ్యొచ్చింది, పట్టా చదువొచ్చింది. దొర గుమస్తా చదివి చెప్పేదాని మీద ఆధారపడకుండ అయ్యిండు. గా ఒక్క చదువుతోని మాకు రెండెకరాలు దక్కినయి.

1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అయింది. నేను బడికి పోయేనాటికి బడి తెలుగుల చెప్తుండిరి. రాజు పోయిండు గద, ఇగ బడి మనదే అనుకున్నరు అందరు. కని బడి నడిచేది దొర చావడిల. పంతులుకు వడ్లు, పప్పు పోయేది దొర ఇంట్లకెల్లి. లోపట చాప మీద ఎవరు కూసోవాలె, ఎవరు కూసోవద్దు అనేది సుత ఆ ఇంట్లనే తేలేది. మాదిగవాడ పిల్లలు చావడి బయట చూరు కింద కూసునేది. వాళ్లల్ల ఒక పిలగాడు నాకంటె రెండేండ్లు పెద్దోడు. పలక లేదు, నేల మీద పుల్లతోని రాసుకుంటుండె. లోపట మేము ఎక్కం మరిచిపోతే బయటికెల్లి అందిచ్చేటోడు. పంతులు విననట్టు మొఖం తిప్పుకునేది. ఆయన చెడ్డోడు కాదు, భయపడేటోడు.

ఒకనాడు పాలమూరు నుంచి ఇన్స్పెక్టరు తనిఖీకొచ్చిండు. సన్నటి మనిషి, టోపీ, చేతుల రిజిస్టరు. చూరు కింద పిల్లలను చూసి "వీళ్ల పేర్లు హాజరుల ఉన్నయా?" అన్నడు. ఉన్నయన్నడు పంతులు. "మరి లోపటెందుకు లేరు?" పంతులు నోరు తెరవలేదు. దొర మనిషి ఒకడు పక్కకెల్లి "మా ఊరి పద్ధతి వేరు సార్, మా బడి మేం చూసుకుంటం" అన్నడు. అప్పుడు ఆయనన్న మాట నాకు ఇప్పటికీ చెవుల ఉన్నది. "ఈ బడి మీ ఊరిది కాదయ్యా, సర్కారుది. లోపటికి రాండ్రి పిల్లలూ." ఆ పిలగాడు లేచి కాళ్లు దులుపుకొని లోపటికొచ్చి నా పక్కన కూసున్నడు. తర్వాత తర్వాత రైల్వేల కొలువు చేసి రిటైరైండు. ఊరి బడి ఊరి చేతులనే ఉండాలె, పై నుంచి ఎవ్వల జోక్యం ఉండొద్దు అని ఎవరన్న గట్టిగ మాట్లాడితే నేను ముందు అడిగేది ఒక్కటే, ఊరంటే ఎవరు అని. మాట్లాడేటోళ్లు చానమంది చావడి లోపట కూసున్నోళ్లే.

మరి నేను పై వాళ్ల దిక్కున్ననా? ఆగు బిడ్డా. 1959 రానియ్యి.

అంతకు రెండేండ్ల ముందు బల్వంతరాయ్ మెహతా కమిటీ ఒక రిపోర్టిచ్చింది. ఊర్ల పనులు ఊరోళ్లు ఎన్నుకున్నోళ్ల చేతులల్ల పెట్టాలె, అధికారుల చేతుల కాదు అని. రాజస్థాన్ల నాగౌర్ కాడ అక్టోబరు 2న నెహ్రూ పంచాయతీరాజ్ మొదలుపెట్టిండు, ఆ వెనుకనే మన షాద్‌నగర్‌కొచ్చిండు. నాకప్పుడు పదిహేడేండ్లు. ఎడ్లబండ్లు కట్టుకొని పోయినం. ఆయన ఏం మాట్లాడిండో ఆ జనంల నాకు సగం వినబడలే. కని మా ఊరి ముసలోళ్లు వచ్చేటప్పుడు బండ్ల మీద మాట్లాడుకున్నది విన్న. "ఇగ బడి సమితి కింద ఉంటదట. సమితి అంటే మనం ఓటేసినోళ్లే అట." ప్రైమరీ బళ్లు పంచాయతీ సమితికిచ్చిన్రు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తుకిచ్చిన్రు. సమితులు పోయి మండలాలొచ్చినా, మీ బడి గోడ మీద ఇంకా జిల్లా పరిషత్ అనే రాసి ఉన్నది చూడు.

మా ఊర్ల బడి కట్టిందప్పుడే. సమితి కొంత పైస ఇచ్చింది, సున్నం, దూలాలు వచ్చినయి. రాళ్లు మేమే గుట్ట మీదికెల్లి కొట్టి తెచ్చినం. ఇంటికో మనిషి అని చాటింపు వేసిన్రు. ఆడోళ్లు వాగు నుంచి కుండలతోని నీళ్లు మోసిన్రు, మీ ముత్తవ్వ సుత మోసింది. మాదిగవాడ, గొల్లవాడ, కాపోళ్లు అందరు ఆ గోడల మీద చెయ్యి పెట్టిన్రు. ఆ గోడ ఎవని సొంతం కాదు కాబట్టి లోపట ఎవరు కూసోవాలె అని ఎవరూ అడగలేకపోయిన్రు. చావడికెల్లి బడి బయటపడ్డది. ఎండకాలం సెలవులు, కోతల సెలవులు ఎప్పుడియ్యాలె అనేది సమితోళ్లు మా ఊర్లకు వచ్చి అడిగేటోళ్లు. శెనిగె పీకే రోజులల్ల బడికి ఎవరూ రారని వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు, వాళ్ల పొలంల సుత శెనిగెనే ఉండె. ఒక ఏడు పంతులు లేక బడి మూతబడితే, మా ఊరి ఆడోళ్లే పదిమంది నడుచుకుంట సమితి ఆఫీసుకు పోయి వాకిట్ల కూసున్నరు. ప్రెసిడెంటుకు రేపు వాళ్ల ఓటు కావాలె. పంతులు వచ్చిండు. అట్లా నడిచిపోయి అడిగే దూరంల ఉన్న పెత్తనం నేను మల్ల ఎప్పుడూ చూడలే.

ట్రెయినింగు చేసి నేను సుత సమితి టీచరునైన. అప్పుడు దాని రెండో మొఖం కనిపించింది. చెప్పాల్సింది చెప్పాలె గద. బదిలీ ప్రెసిడెంటు చేతుల ఉండె. ఓట్లప్పుడు ఎవరి వెంబడి తిరిగినవు, ఎవరింటికి పోయినవు అని లెక్కపెట్టేటోళ్లు. ఒక సమితిల, పేరు వద్దులే, నన్ను ఒక్క ఏడుల మూల నుంచి మూలకు తిప్పిన్రు, ప్రెసిడెంటు తమ్ముని కొడుకును పరీక్షల పాస్ చెయ్యలేదని. జీతాలు నెలల తరబడి వచ్చేవి కావు. టీచర్లం సంఘాలు పెట్టుకున్నం, ధర్నాలు చేసినం, మమ్ములను సర్కారు తీసుకోవాలె అని మేమే మొత్తుకున్నం. ప్రజల చేతుల నుంచి బడిని సర్కారు గుంజుకున్నదని ఇప్పటోళ్లంటరు. కొంత మేమే పోయి ఇచ్చినం, బతుకు కోసం. సర్కారు టీచరు, పంచాయతీరాజ్ టీచరు అని రెండు జాతులు చేసి, ఇద్దరికి కలిపి ఒక్కటే సర్వీసు రూల్స్ పెట్టాలె అన్న పంచాయితీ మా తర్వాత సుత దశాబ్దాలు కోర్టులల్ల తిరిగింది.

ఇగ 1969. తెలంగాణ లొల్లి. 1972ల ఆంధ్ర దిక్కు జై ఆంధ్ర. రెండు దిక్కుల పిల్లలు బళ్లు, కాలేజీలు విడిచి రోడ్ల మీదికొచ్చిన్రు. మా కొలువులు, మా సీట్లు బయటోళ్లకు పోతున్నయి అనేది లొల్లి. దానికి మందేడ దొరికింది? హైదరాబాదుల కాదు, ఢిల్లీల. 1973ల ఆరు సూత్రాలు, రాజ్యాంగంల 371డి, దాని కింద 1974ల రాష్ట్రపతి ఉత్తర్వు. కాలేజీ సీట్లల్ల 85 శాతం స్థానికులకు. మన హక్కుకు తాళం వేసి కాపాడింది రాష్ట్రపతి సంతకం. ఢిల్లీ అంటెనే గిట్టనోళ్లు దీన్ని మరువొద్దు.

సరే, అసలు సంగతికొస్తున్న. రాజ్యాంగం రాసినోళ్లు చదువును రాష్ట్రాల పట్టికల పెట్టిన్రు. పెద్ద యూనివర్సిటీలు కొన్ని, పై చదువుల స్థాయి చూసుకునుడు ఢిల్లీకి ఉంచిన్రు. కొఠారీ కమిషన్ 1964 నుంచి 1966 దాక దేశమంత తిరిగి ఈ ఏర్పాటునే ఉండనియ్యాలె అన్నది. కమిషన్ల ఇద్దరు ఒప్పుకోలే, అది వేరే. పదేండ్లు తిరగకముందే ఎమర్జెన్సీ వచ్చింది. 1976ల 42వ సవరణ. చదువు, అడవులు, అడవి జంతువులు, తూకాలు కొలతలు, కోర్టుల ఏర్పాటు, ఈ ఐదు రాష్ట్రాల పట్టికకెల్లి ఉమ్మడి పట్టికకు పోయినయి. 1977 జనవరి 3 నుంచి అమలు. ఉమ్మడి అంటే ఇద్దరిదీ అని అనిపిస్తది. కని ఇద్దరు చేసిన చట్టాలకు పొత్తు కుదరకపోతే గెలిచేది ఢిల్లీ చట్టం. సగం రాష్ట్రాల అసెంబ్లీలు ఒప్పుకోవాలె గద అంటవు. ఒప్పుకున్నయి. సగం దేశం జైల్ల ఉంటే అసెంబ్లీల లేచి కాదనేటోడెవడు?

ఆ రోజు పేపరు మా బడిల టేబుల్ మీద ఉండె. నేను చదివి పక్కాయనకిచ్చిన, ఆయన చదివి మడిచి పెట్టిండు. ఎవ్వరం ఏం మాట్లాడలే. పిల్లల చదువు ఎవరి చేతులకెల్లి ఎవరి చేతులకు పోతుందో చదువు చెప్పేటోణ్ని అడగలే, రాళ్లు మోసినోళ్లను అడగలే. నాకు ఇప్పటికీ కడుపుల మండేది అదే. పట్టిక మారినందుకు కాదు, అడగకుండ మార్చినందుకు. తర్వాత జనతా సర్కారు వెనకకు తెద్దామని చూసింది, కాలేదు. ఆ తర్వాత వచ్చిన ఏ సర్కారూ దాని జోలికి పోలే. అందిన పెత్తనం ఎవరు విడుస్తరు?

అయితే ఢిల్లీ నుంచి ఏం రాలేదా? వచ్చింది. 1987 తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని వచ్చింది. అప్పుడు నేను ఒక తండా బడిల ఒక్కణ్నే ఐదు క్లాసులకు చెప్తున్న. ఒకటో తరగతికి అక్షరాలు చెప్తుంటే ఐదో తరగతోళ్లు కొట్టుకునేది. ప్రతి బడికి కనీసం ఇద్దరు టీచర్లు, రెండు గదులు, సామాన్లు అని ఢిల్లీ పైసలిచ్చింది. రెండో టీచరుగ ఒక ఆడమనిషి వచ్చింది. ఆమె వచ్చిన ఏడే తండా ఆడపిల్లలు బడికొచ్చుడు మొదలైంది. ఒక పెట్టెల గ్లోబు వచ్చింది. ఆ పిల్లలు గ్లోబును ఎట్ల తిప్పిన్రంటే రెండో ఏడుకే దాని ఇరుసు ఊడింది. చానా బళ్లల్ల ఆ పెట్టెలు ఖరాబైతయని బీరువల పెట్టి తాళమేసిన్రని విన్న. నా బడిల తాళమెయ్యలే.

ఇంకో సంగతి. పి.వి. నరసింహారావుగారు మన రాష్ట్రంల ఉన్నప్పుడు 1971ల నల్లగొండ జిల్లా సర్వేల్‌ల గురుకులం మొదలైంది. పల్లె పిల్లలల్ల తెలివైనోళ్లను తెచ్చి, తిండి పెట్టి, చదువు చెప్పే బడి. ఆయననే 1985ల ఢిల్లీల విద్య చూసే మంత్రయితే, మరుసటేడు కొత్త విద్యా విధానం, జిల్లాకొక నవోదయ వచ్చినయి. మన ఊరి బుద్ధి ఢిల్లీకి పోయి దేశమంత పాకింది. తమిళనాడు మాత్రం హిందీ ముచ్చటతోని నవోదయను రానియ్యలే. అదే తమిళనాడుల కామరాజ్ బళ్లల్ల తిండి పెట్టించిండు, 1982ల ఎం.జి.ఆర్ దాన్ని రాష్ట్రమంత పెద్దగ చేసిండు. 2001 నవంబర్ల సుప్రీంకోర్టు దేశంల ప్రతి సర్కారు ప్రైమరీ బడిల వండి పెట్టాలె అన్నది. 2003 జనవరిల మన కాడ మొదలైంది. అప్పటికి నేను రిటైరైన, కని రోజూ పదకొండింటికి బడి కాడ ఉడికే అన్నం వాసనకు అటు పోయి నిలబడేటోణ్ని. ఒక రాష్ట్రం తన ఇష్టంతోని చేసుకున్న పని అది. చదువు మొత్తం మొదటి నుంచి ఢిల్లీ చేతులనే ఉంటే ఆ అన్నం పుట్టేదా? నాకైతే నమ్మకం లేదు. రాష్ట్రాలు తలా ఒక తీరు చేస్తేనే గద ఏది మంచిదో తెలిసేది.

పైసల సంగతి చెప్తే మీకు నిద్రొస్తది గని, కీలకం అక్కడనే ఉన్నది. సర్వశిక్షా అభియాన్ వచ్చినప్పుడు ఢిల్లీ వాటా ఎక్కువ, రాష్ట్రం వాటా తక్కువ. 85కు 15 నుంచి 75కు 25, తర్వాత 65కు 35, ఇప్పుడు 60కి 40. ఢిల్లీ వాటా తగ్గుకుంటొచ్చింది, హుకుం మాత్రం తగ్గలే. 2004 నుంచి మనం కట్టే పన్ను మీద చదువు పేరు చెప్పి సెస్సు తీసుకుంటున్నరు. మిగిలిన పన్నుల తీరుగ దాన్ని రాష్ట్రాలకు పంచే పనిలేదు. అది ఢిల్లీ చేతులనే ఉంటది, పథకాల పేరుతోని షరతులు కట్టి వస్తది. తమిళనాడు పీఎం శ్రీ బళ్ల ఒప్పందం మీద, ఇప్పటి కొత్త విద్యా విధానం మీద సంతకం పెట్టనంటే, సర్వశిక్షా తర్వాతొచ్చిన సమగ్ర శిక్ష కింద రావాల్సిన రెండు వేల కోట్ల పైచిలుకు ఆపిన్రు. వాళ్లు సుప్రీంకోర్టుకు పోయిన్రు. విధానం మంచిదా చెడ్డదా అని ఎంతన్న కొట్లాడున్రి. చదువు హక్కు చట్టం చేసిందే ఢిల్లీ, ఆ చట్టం కింద పిల్లలకు పోయే పైసను సంతకం కోసం ఆపుడు అన్యాయం. ఈ ముచ్చట్ల నాకు ఎటువంటి అనుమానం లేదు.

ఇట్ల ఢిల్లీని తిట్టే రాష్ట్రాలు ఏం చేసినయి? 1993ల 73వ సవరణ వచ్చింది. పదకొండో షెడ్యూల్‌ల 29 పనులు పంచాయతీలకియ్యొచ్చని రాసిన్రు. ప్రైమరీ, సెకండరీ చదువు అందుల ఉన్నది. ఇచ్చిన్రా? టీచరు నియామకం హైదరాబాద్ నుంచి, బదిలీ హైదరాబాద్ నుంచి, పుస్తకం, పరీక్ష, చివరికి సెలవులు సుత హైదరాబాద్ నుంచే. శెనిగె పీకే రోజులు ఎవరడుగుతరిప్పుడు? 1998ల ఉమ్మడి రాష్ట్రంల విద్యా కమిటీల చట్టం చేసిన్రు, ఎన్నికలు సుత పెట్టిన్రు. 2009 చదువు హక్కు చట్టం బడికొక యాజమాన్య కమిటీ ఉండాలన్నది, అందుల ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం ఆడోళ్లు. కాగితం మీద దీనికంటె మంచిది నేను చూడలే. మీ అమ్మ ఆ కమిటీల సభ్యురాలు గద, అడుగు. ఎప్పుడన్న ఆమెను ఏమన్న అడిగిన్రా, సంతకం పెట్టమని తప్ప? ఢిల్లీ రాష్ట్రానికి చేసిందే రాష్ట్రం ఊరికి చేస్తుంది.

ఇగ నీ నీట్. మనకు 1986 నుంచి ఎంసెట్ ఉండె. మన రాష్ట్రం పరీక్ష, మన పుస్తకం. అది బంగారమని నేననను. 2016ల తెలంగాణల ఎంసెట్-2 పేపరు లీకయింది, రద్దు చేసి మల్ల పెట్టిన్రు, పిల్లలు ఏడ్చిన్రు. ఆ వెనుక నీట్ వచ్చింది. 2024ల నీట్ పేపరు లీకయింది, సుప్రీంకోర్టు దాక పోయింది. దొంగ ఏ ఊర్లనైన దొంగనే. తేడా ఏందంటే, ఎంసెట్ పోతే మన రాష్ట్రం పిల్లలు ఆగమైన్రు, నీట్ లీకైతే దేశమంత ఆగమైంది. ఇంకోటి, తెలుగుల ప్రశ్నపత్రం ఇస్తున్నరు, మంచిదే, కని పాఠం ఢిల్లీ పుస్తకంది. సర్కారు కాలేజీల తెలుగుల చదివిన పిల్ల కోచింగుకు లక్షలు కట్టలేదు. తమిళనాడుల జస్టిస్ ఏ.కె. రాజన్ కమిటీ 2021ల ఇదే చెప్పింది, నీట్ వచ్చినంక తమిళంల చదివిన పిల్లలకు డాక్టరు సీట్లు తగ్గినయని. మన కాడ అట్ల లెక్క తియ్యాలె, ఎవరన్న అడగాలె. సర్కారు కాలేజీలల్ల 15 శాతం సీట్లు దేశమంతకు పోతయి, మిగిలినయి మన రాష్ట్రమే నింపుకుంటది. మన సీట్లకు మన పరీక్ష మనం పెట్టుకునే హక్కు మనకు ఉండాలె అనేది నా మాట. నువ్వు మాత్రం ఉన్న పరీక్షకు చదువు, ఆపకు.

నన్నడిగితే చదువు మల్ల రాష్ట్రాల పట్టికకు రావాలె. పైసా, ఏ పిల్లనూ చూరు కింద కూసోబెట్టొద్దన్న చట్టం ఢిల్లీ చూసుకోవాలె. పుస్తకం, పరీక్ష రాష్ట్రం చూడాలె. పంతులు వచ్చిండా లేదా, సెలవు ఎప్పుడు, వంట ఎట్లుంది, ఇవి ఊరోళ్లకియ్యాలె. ఊర్ల పెత్తందార్లు మల్ల మింగుతరని భయమున్నదా? ఉన్నది. అందుకే ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం ఆడోళ్లు అన్న ఆ లెక్కను పట్టుకోవాలె.

ఇప్పుడు మన ప్రైమరీ బడి సంగతి చెప్త విను. డెబ్బయి మంది పిల్లలున్నరు, టీచర్లు ఇద్దరే. ఆ 2009 చట్టంల అరవై దాటితే ముగ్గురుండాలని రాసి ఉన్నది. శనివారం కమిటీ కూసుంటదట. మీ అమ్మ ఒక్కతే పోతే మల్ల సంతకం పెట్టిచ్చుకొని పంపుతరు. నువ్వు సుత పో. మన వాడకట్టు తల్లులను ముందుగాలనే కలిసి తోలుకపో. తీర్మానం బుక్కుల మూడో టీచరు కావాలని మీ అమ్మ చేతనే రాయించు, ఒక నకలు ఎంఈవోకు, ఒకటి కలెక్టరుకు పంపున్రి. చట్టం సెక్షన్లు నేను రాత్రికి రాసిస్త, నా కళ్లజోడు తెచ్చియ్యి.